లైన్లో మూడో మనిషి

ఆమె భయమంతా ఒక్కటే. తన కూతురు ఏ బడిలో చదువుతోందో ఆ కూతురి తండ్రికి తెలియడం.

దెబ్బలంటే భయం లేదు, అవి తినే వచ్చింది. పస్తులన్నా లేదు, అవీ ఉండే వచ్చింది. నాలుగేళ్ల కిందట చెవి నుంచి నెత్తురు కారుతుండగా, మూడేళ్ల పిల్లను చంకనేసుకుని ఆడవాళ్ల ఆశ్రయం గడప తొక్కిన రోజే తన పాత పేరు అక్కడ వదిలేసింది. పిల్ల పేరు మాత్రం మార్చలేకపోయింది. కొత్త పేరుతో పిలిస్తే ఆ పసిది తననే అని తెలియక ఇటూ అటూ చూసేది. ఆ చూపు భరించలేక పాత పేరే ఉంచేసింది. చేసిన తప్పు అదొక్కటేనని ఆమెకు తెలుసు. తెలిసీ ప్రతి ఉదయం పిల్లను బడి గేటు దాటించి, మూడింటిదాకా ఊపిరి బిగబట్టుకుని పని చేసుకుంటుంది.

పని అంటే ఆచూకీలు తీయడం. పోయిన మనుషులు, పోయిన వస్తువులు, పోయిన పరువు. ఆ వృత్తిలోని మగవాళ్లు ఆమెకు పదోక్లాసు అని పేరు పెట్టారు. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టాల్సిన వారంలోనే పెళ్లి చేసేశారని ఎప్పుడో నోరు జారి చెప్పింది. ఇక అంతే, ఆ పేరు బంక లాగా అతుక్కుపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి ఆశ్రయం వార్డెన్ ఫోన్ చేసింది. ఆపరేటరమ్మ ఇంట్లో కంప్యూటర్‌లోకి ఎవరో చొరబడ్డారట. వెంటనే వెళ్లమంది.

ఆశ్రయంలో తలదాచుకున్నవాళ్లవీ, అక్కణ్ణుంచి బయటపడి వేరే చోట బతుకుతున్నవాళ్లవీ నూట పన్నెండు కార్డులు ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఆశ్రయంలో ఉంచితే మొగుళ్లు వచ్చి పగలగొడతారని, ఎవరికీ అనుమానం రాని ఆ ముసలావిడ ఇంట్లో ఉంచారు. కార్డు మీద పైకి ఒక నంబరు మాత్రమే కనిపిస్తుంది. ఏ నంబరు ఎవరిదో వార్డెన్‌కీ, ఆ నంబరు గల మనిషికీ తప్ప తెలియదు. నలభై ఏడో నంబరు తనది.

ఒంటిగంటా యాభై అయిదుకి ఆమె రెండో అంతస్తు మెట్లెక్కింది.

ఆపరేటరమ్మకు డెబ్బై దాటాయి. ముప్ఫై ఒక్క ఏళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరైంది. ఒంటిగత్తె. తలుపు తీసి, మాట్లాడకుండా వెళ్లి మంచం అంచున కూర్చుంది. అప్పుడే తలస్నానం చేసినట్టు జుట్టు తడిగా ఉంది, చీర మడతలు కొత్తగా ఉన్నాయి. తేలు కుట్టిన దొంగ నోరెత్తడంటారు. తేలు కుట్టినవాళ్లలో దొంగలు కానివాళ్లే ఎక్కువని పదోక్లాసు ఈ పనిలోకి వచ్చాకే నేర్చుకుంది.

ముందు గది చూసింది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటర్, పక్కనే తీగ ఉన్న పాత ఫోను. ఓ గ్లాసులో సగం నీళ్లు. కంప్యూటర్ ముందున్న చెక్క కుర్చీకి మెత్త లేదు. ఆ మెత్త గలీబు బాల్కనీ తీగ మీద నీళ్లోడుతూ ఆరుతోంది. కుర్చీ కింద గచ్చు కూడా అప్పుడే తుడిచిన తడి. పదోక్లాసు ఆ గలీబు వంక ఒకసారి, ముసలావిడ తడి జుట్టు వంక ఒకసారి చూసి, అర్థం చేసుకుని, బాల్కనీ తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.

వార్డెన్ అప్పటికే ఫోన్లో మూడుసార్లు అడిగిందట, ఫోను ఎందుకు పెట్టేయలేదు, ఎందుకు పెట్టేయలేదు అని. పదోక్లాసు ఆ మాట ఎత్తలేదు. ఒక స్టూలు లాక్కుని ఆవిడ మోకాళ్ల దగ్గర కూర్చుంది.

"లైను ఎన్నింటికి కలిసింది పెద్దమ్మా?"

ముసలావిడ తల ఎత్తింది. ఆ ప్రశ్న ఆవిడ భాషలో ఉంది. లేచి వెళ్లి కంప్యూటర్ కింద నుంచి పోస్టుకార్డంత కాగితం తీసి చేతిలో పెట్టింది. ఎక్స్చేంజిలో ట్రంకు కాల్ కలిపినప్పుడల్లా ఆపరేటరు ఒక టిక్కెట్టు రాయాలి. ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, మధ్యలో లైను ఎలా ఉంది. ఉద్యోగం అయిపోయినా చెయ్యి మాత్రం రిటైరు కాలేదు. సన్నటి అక్షరాలతో వరసగా రాసి ఉంది.

10:52 కలిసింది. 10:58 లోపలికి రావడానికి ఒప్పుకున్నాను. 11:05 తెర నల్లబడింది. 11:17 మూడో మనిషి. 11:31 తెర వెలిగింది. 1:24 వాళ్లు పెట్టేశారు.

జరిగింది ముక్కముక్కలుగా చెప్పింది ఆపరేటరమ్మ. పొద్దున ఒక మెయిల్ వచ్చింది. పాత ఎక్స్చేంజి బ్యాచి ఫోటోలు, నొక్కి చూడండి అని. నొక్కింది. తెరంతా ఎర్రగా అయిపోయింది, అంబులెన్సు లాంటి కూత. మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఆపితే అంతా చెరిగిపోతుంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని పెద్ద అక్షరాలు. చెరిగిపోతుందన్న మాటకు నూట పన్నెండు మంది ఆడవాళ్లు కళ్ల ముందు మెదిలారు. ఫోన్ చేసింది. కుర్రవాడి గొంతు, మహా మర్యాద. వాడు చెప్పిన అక్షరాలు కొట్టింది, వాడు చెప్పిన చోట నొక్కింది. ఆ తర్వాత తెర మీది మౌసు బాణం దానంతట అదే కదలడం మొదలెట్టింది. శుభ్రం చేస్తున్నాం, ముట్టుకోవద్దు, లేవద్దు, లైన్లోనే ఉండమన్నాడు. ఉంది.

"డబ్బు ఎంత అడిగారు?"

"అడగలేదమ్మా. అందుకేగా మంచివాళ్లనుకున్నాను."

పదోక్లాసు కాగితం మీంచి కళ్లు తీయలేదు. ఇలాంటి ఎర్ర తెరల కేసులు ఏడు చూసింది. ఏడింటిలోనూ పావుగంట తిరక్కుండా డబ్బు మాట వచ్చింది. డబ్బు అడగని దొంగ ఇంకేదో తీసుకుపోయే ఉంటాడు. పైగా వాళ్ల పని పదకొండున్నరకే అయిపోతే, మిగతా రెండు గంటలూ ఈ మనిషిని ఒంటికి కూడా లేవనివ్వకుండా కుర్చీకి ఎందుకు కట్టేసినట్టు? ఎవరికీ చెప్పకుండా. ఆ రెండు గంటలు వాళ్లకు వేరే పనికి కావాలి.

ఇదంతా ఆలోచిస్తుంటే ఆపరేటరమ్మ తనంతట తానే, ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పుకుంది.

"మాట్లాడే పార్టీ ఫోను పెట్టకముందు లైను ప్లగ్గు లాగితే మాకు మెమో ఇచ్చేవాళ్లు. ముప్ఫై ఒక్క ఏళ్లలో నాకొక్క మెమో లేదు. వాడికి ఆ సంగతి ఎలా తెలిసిందో మరి, 'మీరు మధ్యలో పెట్టేసే మనిషి కాదు కదమ్మా' అన్నాడు. ఆ మాటకు పొంగిపోయాను చూడు, అదీ నా బతుకు."

పదోక్లాసు వెంటనే ఆ మాట పట్టుకుంది. ఆ మెమోల సంగతి ఎవరెవరికి చెప్పారని అడిగింది. ఇంకెవరికి, ఆశ్రయంలోనే, పోయిన నెల కొత్త కెమెరాలు బిగించినప్పుడు అందరూ టీ తాగుతూ కూర్చుంటే చెప్పానంది.

మరి మూడో మనిషి ఎవరు? ఆవిడ వివరించింది. ఇద్దరు మాట్లాడుకునే లైన్లో మూడోవాడు చేరితే గొంతులు పల్చబడతాయి, పాలల్లో నీళ్లు పోసినట్టు. వినేవాడు నోరు విప్పకపోయినా ఆపరేటరుకు తెలిసిపోతుంది. పదకొండూ పదిహేడుకు అలా జరిగింది. మాట్లాడలేదు. కానీ గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లు, పొడిగా. టిక్కెట్టు వెనక్కి తిప్పి చూస్తే అదీ రాసే ఉంది.

సరిగ్గా రెండూ పదికి తలుపు చప్పుడైంది. వచ్చినవాణ్ణి చూడగానే పదోక్లాసు మొహం చేదు మింగినట్టయింది.

ఇస్త్రీ. ఇద్దరిదీ ఒకే వృత్తి. వాడి ఒంటి మీద చొక్కా నలగగా ఎవరూ చూడలేదు, అందుకని ఆ పేరు. నాలుగు గదుల ఆఫీసు, గోడ నిండా సర్టిఫికెట్లు. ఆశ్రయానికి ఉచిత సేవ అంటూ కెమెరాలు బిగించి పెట్టింది వాడే. వార్డెన్ కంగారులో ఇద్దరికీ ఫోన్ చేసిందన్నమాట.

వాడు గుమ్మంలోనే ఆగి, గొంతు రెండుసార్లు సవరించుకుని, ఆవిణ్ణి మామ్మగారూ అని పలకరించాడు. పదోక్లాసును చూసి నవ్వాడు.

"ఓహో, చెల్లెమ్మ ముందే వచ్చేసిందే. కంప్యూటర్ కేసు కదా, మరి ఇంగ్లీషు అక్షరాలు ఎవరు చదివి పెట్టారు?"

"మీలా చదువుకున్నవాళ్లు వచ్చేదాకా బొమ్మలు చూస్తున్నాను సార్."

వాడు పట్టించుకోలేదు. కంప్యూటర్ దగ్గరికి పోయి, ఒంగకుండానే, ఇది మామూలు ముఠా పని అని తేల్చేశాడు. రోజుకు వెయ్యిమందికి గాలం వేస్తారు, ఒకరిద్దరు తగులుతారు. వాళ్లెవరో ఈ జన్మకు దొరకరు. ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే, మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కించడం. తన కుర్రవాణ్ణి పంపిస్తాడు, అరగంటలో అయిపోతుంది.

చెరిపితే ఏం చూశారో ఎలా తెలుస్తుందని పదోక్లాసు అడిగింది. తెలిసి ఏం చేస్తావన్నాడు వాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేదానివి, ఆకుల లెక్క ఎందుకన్నాడు. ఆమె కుర్చీకీ వాడికీ మధ్య వెళ్లి నిలబడింది. వార్డెన్ రాతపూర్వకంగా చెప్పేదాకా ఈ పెట్టె మీద ఎవరి చెయ్యీ పడదంది.

"అడ్డం నిలబడితే డిటెక్టివ్ అయిపోరు తల్లీ. ఇంటికెళ్లి వంట చూసుకో. పదోక్లాసు కూడా దాటని తెలివి ఈ ముసలావిడ తెలివికి తోడైతే ఆ ఆశ్రయం మునిగినట్టే."

వాడి చూపు కిటికీలోంచి తీగ మీది గలీబు మీద పడింది. కింద గచ్చు చూశాడు. పెదవి ఒక పక్కకు వంకర తిరిగింది.

"అయినా మామ్మగారూ, ఫోను పెట్టేసి లేవడానికి ఏమైంది మీకు? చిన్నపిల్లలు నయం."

ఆపరేటరమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు కూడా ఏడవలేదు. వేళ్లతో చీర అంచు లెక్కపెడుతున్నట్టు ఒక్కో పోగూ తడుముతోంది. పదోక్లాసుకు వాడి ఇస్త్రీ చొక్కా కాలరు పట్టుకుని మెట్ల మీదుగా దొర్లించాలనిపించింది. కానీ పని చెడుతుందని పళ్లు కొరుక్కుని, తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది.

వాడు వాచీ చూసుకున్నాడు. ఇంకోచోట పనుందని, సాయంత్రం వార్డెన్‌తోనే మాట్లాడి పెట్టె పట్టుకుపోతానని, మళ్లీ గొంతు రెండుసార్లు సవరించుకుని మెట్లు దిగిపోయాడు. రెండూ పద్దెనిమిది. కింద మోటారుసైకిలు మోత వినిపించి ఆగిపోయేదాకా ఇద్దరు ఆడవాళ్లూ కదల్లేదు.

"అమ్మాయ్," అంది ఆపరేటరమ్మ గోడతోనే మాట్లాడుతున్నట్టు, "టిక్కెట్టు వెనక పదకొండూ పదిహేడు గురించి రాసింది చదువు."

చదవనక్కర్లేకపోయింది. వాడు నోరు విప్పే ముందు చేసే ఆ చప్పుడు పదోక్లాసు మూడేళ్లుగా వింటోంది. చెవులున్నా తను వినలేదు. ఆ ముసలావిడ విన్నది.

నిజమేనా పెద్దమ్మా, ప్రమాణం చేసి చెప్పగలరా అని అడిగింది. ముఖాలు మర్చిపోతాను గానీ లైన్లో విన్నది మర్చిపోనని ఆవిడ అంది.

పదోక్లాసు కుర్చీలాగి కంప్యూటర్ ముందు కూర్చుంది. చదువు లేకపోతేనేం, ఈ పెట్టె ఏ ఫైలు ఎన్నింటికి తెరిచిందో చూపించే చోటు ఆమె ఎప్పుడో పట్టేసింది. జాబితా తెరుచుకుంది. ఈ రోజు తెరిచినవి రెండే. పొద్దున తొమ్మిదీ నలభైకి నూట ఎనిమిదో కార్డు. అది తనే తెరిచానని, అందులో అడ్రసు దిద్దానని ఆపరేటరమ్మ చెప్పింది. రెండోది పదకొండూ పంతొమ్మిదికి.

నలభై ఏడు.

నూట పన్నెండు మందిలో ఒక్కరి కోసం వచ్చారు. తెర నల్లగా ఉన్న ఇరవై ఆరు నిమిషాల్లో ఒక పేరు కొట్టి కార్డులన్నీ వెతికి, అదొక్కటి తెరిచి, చదివి, మూసేశారు. ఆ కార్డులో ఆమె పాత పేరు ఉంది. ఖాళీ చేసి మూడేళ్లయిన పాత ఇంటి అడ్రసు ఉంది. పిల్ల పేరు ఉంది. పిల్ల బడి పేరు ఉంది. ఇప్పటి ఇంటి అడ్రసు ఆ బడి రిజిస్టరులో ఉంది.

ఇస్త్రీకి డబ్బిచ్చి వెతికిస్తున్నది ఎవరో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తను ఎవరి ఆచూకీ అమ్మబోతున్నాడో ఇస్త్రీకి కూడా తెలియదు. ఇప్పుడే తలుపు తెరిచి తనను సాగనంపిన పదోక్లాసే ఆ నలభై ఏడని ఇంకా తెలియదు. బడి రిజిస్టరులో తల్లి ఫోటో చూసిన క్షణాన తెలుస్తుంది.

ఆమె లేచిన తీరుకు కుర్చీ వెనక్కి పడింది. ఆపరేటరమ్మ ఒకసారి తెర మీది అంకె వంక, ఒకసారి ఆమె చెవి కింది పాత మచ్చ వంక చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నిన్నేనా తల్లీ నేను అప్పజెప్పింది?"

జవాబు చెప్పే సమయం లేదు, అబద్ధం చెప్పే సమయం అసలే లేదు. బడికి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, తీసేవాళ్లు లేరు. టైము రెండూ ముప్ఫై ఒకటి. మూడింటికి గంట కొడతారు. అడ్డదారిన పరిగెత్తినా పాతిక నిమిషాలు.

ముసలావిడ లేచి నిలబడింది. వంగిన నడుం ఎక్కడికి పోయిందో. బడి నంబరు అడిగి టిక్కెట్టు వెనక రాసుకుంది. నువ్వు పరిగెత్తు, లైను నేను పడతానంది. నా సెల్లులోంచి నీ సెల్లుకు చేస్తాను, చెవిన పెట్టుకునే ఉండమంది. తీగ ఫోనులో బడి పలకగానే రెండు ఫోన్లూ తలకిందులుగా ఎదురెదురు పెడతాను, నువ్వే మాట్లాడుదువు గానివి అంది. ఎక్స్చేంజి బోర్డు పాడైన రోజుల్లో మేం అలాగే కలిపేవాళ్లమంది.

పదోక్లాసు మెట్లు దిగింది. వీధి మలుపు, చాకలి దుకాణం, సైకిళ్లు బాగుచేసే చోటు, ఇంకో మలుపు. చెవిలో ఆపరేటరమ్మ ఊపిరి, దాని వెనక ఎక్కడో బడి ఫోను మోత. ఒకసారి తెగింది. మళ్లీ తిప్పుతున్న చప్పుడు. మళ్లీ మోత. కాలి చెప్పు తెగితే రెండోది కూడా విప్పి పారేసింది. రెండూ నలభై నాలుగుకు అవతల ఎవరో ఎత్తారు. కటుక్కుమని చప్పుడు, తర్వాత బడి గుమాస్తా గొంతు దూరంగా, నూతిలోంచి వస్తున్నట్టు.

రొప్పుతూనే తను ఎవరి తల్లో చెప్పింది. పిల్లను ఎవరొచ్చినా పంపొద్దంది, ఆఫీసు గదిలో కూర్చోబెట్టి తలుపేయమంది. గుమాస్తా సగమే విన్నట్టున్నాడు. ఈ గదిలో కుదరదమ్మా అన్నాడు, చిరాగ్గా, ఇక్కడ పనవుతోంది అన్నాడు.

"భోజనాల వేళ నుంచి కంప్యూటర్ పట్టుకుని ఏడుస్తున్నామమ్మా. తెరంతా ఎర్రగా అయిపోయి ఒకటే కూత. అందులోని నంబరుకే ఫోన్ చేస్తే, పాపం, వెంటనే మనిషిని పంపించారు. రిజిస్టరు తెరుచుకుంటోందా లేదా అని ఏదో ఒక పిల్ల పేరు కొట్టి చూస్తున్నాడు. ఉండండి, అయిపోవచ్చింది."

అతని వెనక, ఆ గదిలోనే, ఎవరో గొంతు సవరించుకున్నారు. పొడిగా. రెండుసార్లు.

పదోక్లాసు కాళ్లు ఆగలేదు. నోరు మాత్రం ఆగిపోయింది. తను ఇంకొక్క మాట గట్టిగా అంటే ఆ గదిలోని మనిషి తన గొంతు పోల్చుకుంటాడు. చెవిలో గొంతులు పల్చబడ్డాయి, పాలల్లో నీళ్లు పోసినట్టు. ఆపరేటరమ్మ లైన్లోకి వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ల నాటి గొంతు, తొణకని గొంతు.

"గుమాస్తాగారూ, ట్రంకు కాలండీ ఇది, హెడ్డాఫీసు నుంచి. మీరు లైను పెట్టకండి. కంప్యూటర్ తీగ గోడలోంచి లాగేసి వచ్చి మాట్లాడండి. నేను లైన్లోనే ఉంటాను."

గుమాస్తా లేచిన చప్పుడు. ఎవరో వద్దంటున్న మాటలు. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు, లైను మాత్రం తెగలేదు. బడి గేటు ఇంకా మూడు వీధుల అవతల ఉంది. రెండూ నలభై ఏడు.

ఆమె అక్కడికి చేరేలోగా మీకు ఒక చిన్న పని. ఆ రెండో అంతస్తులో ఒక ముసలావిడ రెండు చేతుల్లో రెండు ఫోన్లు పట్టుకుని నిలబడే ఉంది, కూర్చోవడానికి ఆ కుర్చీ వంక చూడలేక. అలాంటి మనిషి మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో ఉండే ఉంటారు. ఎర్ర తెర చూసి, ఎవడో చెప్పింది విని, సిగ్గుతో మీకు చెప్పకుండా దాచుకుని ఉంటారు. ఈ పేజీ తిప్పే ముందు ఒకసారి వెళ్లి చూసి రండి. ఎందుకు పెట్టేయలేదని మాత్రం అడక్కండి.